మా మేళం, దొరవ్వ పాట

మేళంలో చేరాలనుకునేవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా గడప తొక్కుతుంటారు. వాళ్లు అడిగేది ఒకటే: ఏ పాటకు జనం గంతులేస్తారు, ఏ పాట వాయిస్తే పెండ్లివాళ్లు మళ్లీ పిలుస్తారు. ఆ సంగతులు నాకంటే మైకు సెట్లవాళ్లకు బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. పెండ్లి మేళం వాయించి బతికినవాడు గదా, అన్నీ తియ్యటి ముచ్చట్లే చెబుతాడనుకుంటే మీ ఇష్టం. నా దగ్గర అవి తక్కువ.

నేను సుల్తానాబాద్‌లో సాలోళ్ల ఇంట్లో పుట్టాను. మా బాపు పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. చిన్నప్పటి నుంచి నాకు ఆ గుంటంటే భయం. ఆ భయానికే మేళం వెంట పడ్డాను. గుంట తప్పింది. సుఖం మాత్రం దొరకలేదు.

మేళగాడి పని వాయించడం అనుకుంటారు. కాదు, కాచుకోవడం. ముహూర్తం కోసం కాచుకోవాలి. పెండ్లికొడుకు అలక తీరేదాకా కాచుకోవాలి. ఊరంతా తిని, విస్తళ్లు ఎత్తాక మనకు పెట్టే బువ్వ కోసం కాచుకోవాలి. ఎండాకాలం పెదవులు పగిలి నెత్తురు వస్తుంటే నవ్వు మొహంతో బరాత్ ముందు నడవాలి. మంచినీళ్లు దోసిట్లో పోస్తారు, చెంబు చేతికివ్వరు. ఇవన్నీ ఓర్చుకోలేనివాడు ఈ పనికి రావద్దు.

ఇంటి పాట

మా మేళానికి ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా చేరేవాడు ఎంత వాయించగలిగినా సరే, ముందు వాళ్ల ఇంటి పాట ఒకటి మేళానికి ఇవ్వాలి. అంటే వాళ్ల తాతతండ్రుల నుంచో, తల్లి నుంచో వచ్చిన పాట. అది అందరూ నేర్చుకున్నాకే వాడు జట్టులో మనిషి. అప్పుడే మాతోపాటు బువ్వ. ఎవరి కులం పక్కన వాళ్లు కూర్చుని తినేవాళ్లమనుకోండి, అబద్ధమెందుకు. పాటలు మాత్రం కలిసిపోయాయి.

డోలు లచ్చయ్య కురుమ ఇంటివాడు. వాళ్ల తండ్రి ఒగ్గు కథలు చెప్పేవాడు. లచ్చయ్య మల్లన్న పెండ్లి దరువు ఇచ్చాడు. అది పట్టుకుంటే ముసలివాళ్లు కూడా కాళ్లు ఆడించేవాళ్లు. ఉట్నూరు గుట్టల నుంచి వచ్చిన మంకు ప్రధాన్ కులంవాడు. వాళ్ల తాతలు మూడు తీగెల కిక్రి మీద గోండు రాజుల కథలు పాడేవాళ్లు. మేళం చప్పుడులో కిక్రి ఎవరికి వినబడుతుంది? మంకు చేతికి తాళాలు ఇచ్చారు. కిక్రి మూటలోనే ఉండేది. వాడిచ్చిన ఇంటి పాట మేము సన్నాయి మీద వాయించేవాళ్లం గానీ, అది విన్నప్పుడల్లా వాడు నేలచూపులు చూసేవాడు. ఆ గోండు వంశాల ముందు తప్ప వాయించకూడని పాట అది అని తర్వాత తెలిసింది. బువ్వ కోసం ఇచ్చేశాడు.

నేనేమిచ్చానని అడుగుతారు. మా అవ్వ కండెలు చుడుతూ పాడుకునే పాట ఇచ్చాను. నాలుగు ముక్కలే. దాన్ని ఎవరూ పెద్దగా అడిగేవాళ్లు కాదు.

రాజయ్య మామ

మేళానికి పెద్ద రాజయ్య. మంగలి ఇంటివాడు, సన్నాయి వాళ్లింటి విద్య. ఊరి వరసలో నాకు మామ. చెవులకు పోగులు, తలకు ఎర్ర రుమాలు. సన్నాయి నోట పెట్టాడంటే మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. అంత దమ్ము.

నేను చూసిన యజమానుల్లో ఆయన మంచివాడు. దారిలో ఎవరికి జ్వరమొచ్చినా బండి కట్టించేవాడు. పెండ్లివాళ్లు మాట జారితే మేళాన్ని అక్కడే ఆపేసి, వాళ్లు వచ్చి బతిమాలేదాకా సన్నాయి పీక నోట పెట్టేవాడు కాదు. నాలాంటి సాలె పిలగాడికి సన్నాయి ముట్టనిచ్చినందుకు వాళ్ల కులంలో మాటలు పడ్డాడు. ఆయన ఉప్పు తిన్నాను, మరిచిపోలేదు.

ఆయనకు ఒకటే జబ్బు. ఏ పాటైనా మరొకరి దగ్గర నేర్చుకున్నానని చెప్పలేడు. కరీంనగర్‌కు సర్కస్ వచ్చినప్పుడు అందరం పోయాం. ఏనుగు స్టూలు ఎక్కేటప్పుడు వాళ్ల బ్యాండు ఒక పాట వాయించింది. మరుసటి వారం పెండ్లిలో మామ అదే పాట సన్నాయి మీద ఎత్తాడు. పెండ్లిపెద్ద మెచ్చుకుని ఎక్కడిదని అడిగితే, "మా తాత గడీల వాయించెటోడు" అన్నాడు.

లచ్చయ్య ఊరుకుంటాడా? "ఏంది మామా, గడీల ఏనుగు గూడ స్టూలు ఎక్కుతుండెనా?" అన్నాడు. వారం రోజులు నవ్వుకున్నాం.

ఈ జబ్బు ఆయనొక్కడిదే అనుకోవద్దు. మా పనిలో అందరిదీ. ఒకరి పాట మరొకరు చెవితో ఎత్తుకుపోవడం మా బతుకు. బస్‌స్టాండు దగ్గర రెండు మేళాలు ఎదురుపడితే నాలుగు పాటలు చేతులు మారేవి. ఎత్తుకొచ్చానని ఒప్పుకున్నవాడికి మాత్రం విలువ లేదు. అందుకని ఎవణ్ని అడిగినా మా తాతల పాట అనేవాడు. ఇది నవ్వులాట అనుకున్నాం. ఎవడి సొమ్ము పోయింది అనుకున్నాం.

ఉస్తాద్

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఖాసిం సాబ్ మా దగ్గరికి వచ్చాడు. నిజాం ఫౌజు బ్యాండులో క్లారినెట్ వాయించినవాడు. ఫౌజు ఎత్తేశాక ఆయనకు మిగిలింది గుండీలు పీకేసిన ఒక కోటు, ఒక క్లారినెట్. మా దగ్గర అప్పటికి సన్నాయి, డోలే ఉన్నాయి. ఆయన క్లారినెట్ విన్నాక రాజయ్య మామ మొహం కొంచెం మాడింది. అయినా రమ్మన్నాడు. కాలం ఎటు పోతున్నదో మామకు తెలుసు.

కట్టుబాటు ప్రకారం ఇంటి పాట అడిగాం. ఖాసిం సాబ్ క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంటి పాట అంటుండ్రు. నాకు ఇల్లు లేదు, పాట ఉన్నది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊరు కిన్వట్ దిక్కు, పెనుగంగ ఒడ్డున. కిన్వట్ అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. గడబిడ రోజుల్లో ఆయన పల్టన్‌తో దూరంగా ఉన్నాడు. ఫౌజు ఎత్తేసి వదిలిపెట్టాక నడుచుకుంటూ ఊరికి పోతే ఇంటికి కప్పు లేదు. భార్య, కొడుకు లేరు. చచ్చిపోయారని ఒకరు, బండెక్కి పోయారని ఒకరు అన్నారు. కొడుకు పేరు యూసుఫ్. పాల పండ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసు.

పాట సంగతి కూడా చెప్పాడు. పల్టన్‌లో బ్యాండు నేర్పిన దొర ఐర్లాండువాడట. అదెక్కడో సముద్రంలో ఉన్న దేశం. ఆ దొర సాయంత్రం పూట చిన్న పిల్లనగ్రోవి మీద ఒక పాట వాయించుకునేవాడు. ఒకసారి ఎవరో ఇంగ్లీషు పాట బాగుంది సాబ్ అంటే కొట్టేంత పని చేశాడట. ఇంగ్లీషోళ్లది కాదు, మా అవ్వది, ఆలుగడ్డలు తవ్వుకుంటూ పాడేది అన్నాడట. ఆ అవ్వ పోయిందట, పొలాలు ఎవరి చేతుల్లోకో పోయాయట. ఖాసిం సాబ్‌కు ఆ పాట నేర్పి, ఎవరడిగినా మా అవ్వ పేరు చెప్పమన్నాడు. అందుకే మేము దాన్ని దొరవ్వ పాట అన్నాం.

"సెలవు మీద ఇంటికి పోతే మా యూసుఫ్‌ను గీ పాటతోనే పండవెడుతుంటి. నడుమల ఒక్క తావు దమ్ము ఆపాలె. గాడ ఆపంగనే వాడు నవ్వుతుండె. బతికుంటే వానికి గీ పాట యాదికుంటది. మేళం ఊరూరు తిరుగుతది గదా రాజయ్య భాయ్. ఏదో ఒక ఊర్ల వాని చెవుల పడకపోతదా. పైసలు మీ ఇష్టం. గీ పాట మాత్రం పెండ్లి పెండ్లికి వాయించనీయుండ్రి" అన్నాడు.

రాజయ్య మామ కండ్లు తుడుచుకుని, "వాయించు సాబ్, ఎవడు కాదంటడు" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి పెండ్లిలో అప్పగింతలప్పుడు దొరవ్వ పాటే. ఏడుపు పాట కాదది, కానీ విన్నవాళ్లకు ఎవరో ఒకరు యాదికొచ్చేవాళ్లు. ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకునేవాళ్లు. అందరూ పెండ్లికూతురిని చూస్తుంటే, మా ఉస్తాద్ ఖాసిం సాబ్ ఒక్కడు జనం వైపు తిరిగి వాయించేవాడు. ఒక్కొక్క మొహాన్నీ చూసేవాడు. ముందు చిన్న పిల్లల మొహాలు చూసేవాడు. ఏండ్లు గడిచినకొద్దీ పడుచువాళ్ల మొహాలు చూడటం మొదలుపెట్టాడు. ఆయన పక్కన నిలబడి వాయించినవాణ్ని, ఆ మార్పు నాకు తెలుసు. అంత దుఃఖం నేను మరెక్కడా చూడలేదు.

నాకు క్లారినెట్ నేర్పింది ఆయనే. తిట్టేవాడు కాదు. తప్పు వాయిస్తే తలవంచుకుని కూర్చునేవాడు. దానికంటే తిట్లే నయం.

ఒక ఎండాకాలం ఆయనకు గట్టిగా జ్వరం పట్టుకుంది. మసీదు పక్కన అద్దె కొట్టులో ఒక్కడే ఉండేవాడు. రాజయ్య మామ పోయి, ఎత్తించి, తన ఇంటి అరుగు మీద మంచం వేయించాడు. ఊళ్లో ఒకరిద్దరు మూతి విరిచారు. "గాయన నా జట్టు మనిషి" అని ఊరుకున్నాడు మామ. నన్ను తోడు ఉంచి, ఒప్పుకున్న పెండ్లి ఉంటే మేళాన్ని తీసుకుని నిర్మల్ పోయాడు. తిరిగొచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "సాబ్, నీ పాట ఇడిసిపెట్టలే. సన్నాయి మీద వాయించిన. క్లారినెట్ కంటే మంచిగ పలికింది, ఏమనుకోకు" అన్నాడు. ఉస్తాద్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

పాట తిరిగింది

పాట బాగుంటే ఒక్కచోట ఉండదు. పెద్దపల్లి మేళం ఎత్తుకుంది. వాళ్ల దగ్గర జగిత్యాలవాళ్లు, వాళ్ల దగ్గర లక్సెట్టిపేటవాళ్లు. అందరూ అప్పగింతలకు అదే పాట. ఎవరికి వాళ్లు మా తాతలది అనేవాళ్లు.

కరీంనగర్‌లో ఒకసారి లగ్గాల కాలం. మధ్యాహ్నం, మేము ఒక ఇంటి వెనకాల బువ్వకు కూర్చున్నాం. దూరం నుంచి దొరవ్వ పాట వినిపించింది. ఆ దమ్ము ఆపే చోట సరిగ్గా ఆపారు. ఉస్తాద్ కలిపిన చెయ్యి అలాగే ఉంచి లేచాడు. చెప్పులు లేకుండా ఎండలో ఉరికాడు. నేను వెనకాల ఉరికాను. రెండు వీధుల అవతల బరాత్ పోతున్నది. క్లారినెట్ పట్టుకున్నవాడు పడుచువాడే. ఉస్తాద్ వాడి భుజం పట్టుకున్నాడు.

"బేటా, గీ పాట ఎవరు నేర్పిండ్రు నీకు?"

వాడు ఈ ముసలాయనను, ఎంగిలి చేతిని చూసి, భుజం విదిలించుకున్నాడు. "ఎవరు నేర్పుతరు? మా తాత పాట గిది. జర పక్కకు జరుగు."

ఆ పడుచువాడు కోరుట్ల మేళగాడు. వాడి తండ్రి డోలు పట్టుకుని పక్కనే ఉన్నాడు. యూసుఫ్ కాదు.

తిరిగొచ్చాక ఉస్తాద్ బువ్వ ముట్టలేదు. రాజయ్య మామ ఓదార్చబోయి, "ఫికర్ చెయ్యకు సాబ్. చూడు, నీ పాట జిల్లాలకు జిల్లాలు తిరుగుతంది" అన్నాడు.

"పాట తిరుగుతంది రాజయ్య భాయ్. పేరు తిరుగుతలేదు" అన్నాడు ఉస్తాద్.

ఆ తర్వాత కూడా ఆ పాట వాయించాడు. కానీ జనం వైపు తిరగడం మానేశాడు. అందరిలాగే పెండ్లికూతురిని చూస్తూ వాయించి, క్లారినెట్ తుడుచుకుని సంచిలో పెట్టుకునేవాడు. ఎదలో నొప్పితో కొన్నేండ్లకు పోయాడు. సాయిబుల్లో చావుకు మేళతాళాలు ఉండవు. కబ్రస్తాన్ గోడ బయట మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. జీవితమంతా వాయించినవాళ్లం, ఆ రోజు మాకు చెయ్యడానికి పనే లేదు.

బోథ్ పెండ్లి

ఉస్తాద్ పోయాక మేళం భారం నా మీద పడింది. రాజయ్య మామకు అప్పటికే పండ్లు ఊడి, సన్నాయి పీక నిలవడం లేదు. బోథ్‌లో ఒక పత్తి రైతు ఇంట్లో పెండ్లి. పెండ్లివాళ్లను ఆదిలాబాద్ నుంచి లారీలో తెచ్చారు. అప్పగింతలప్పుడు నేను దొరవ్వ పాట వాయించాను. అయిపోయాక లారీ డ్రైవర్ నా దగ్గరికి వచ్చి ఒక బీడీ ఇచ్చి, ఒకటి తను తీసుకున్నాడు. ముప్పై ఏండ్ల మనిషి, గడ్డం, ఎండకు నల్లబడ్డ మొహం.

"మంచిగ వాయించినవన్నా" అన్నాడు. తర్వాత ఒక నవ్వు నవ్వి, "గిది మీ తాతల పాటేనా?" అన్నాడు.

ఆ నవ్వు ఎందుకో నాకు నచ్చలేదు. "మా తాతలకు మగ్గమే తెల్సు. గిది మా ఉస్తాద్ ఖాసిం సాబ్ పాట. ఫౌజు బ్యాండుల ఐర్లాండ్ దొర దగ్గర నేర్చుకున్నడు" అన్నాను.

అతని చేతిలో బీడీ వెలిగించకుండానే ఉండిపోయింది. లారీ మెట్టు మీద కూర్చున్నాడు. "కిన్వట్ ఖాసిమేనా?" అన్నాడు.

నేను అవునన్నాను. పెండ్లివాళ్లు డ్రైవర్‌ను పిలుస్తున్నారు. అతనికి వినబడలేదు.

యూసుఫ్ చెప్పింది ఇది. తల్లి అతన్ని తీసుకుని ఒక పత్తి బండిలో ఆదిలాబాద్ చేరింది. పల్టన్‌కు పల్టన్ ఖతమైంది, మీ ఆయన లేడని ఎవరో చెప్పారు. తల్లి ఆ వానాకాలమే జ్వరంతో పోయింది. అతను జిన్నింగ్ మిల్లులో పెరిగి, లారీ క్లీనరై, డ్రైవరయ్యాడు. లారీ మీద తిరుగుతుంటే ఒక ఊళ్లో ఈ పాట వినబడింది. దిగి ఉరికి అడిగాడు. మా తాతల పాట అన్నారు. మరో ఊళ్లో అడిగాడు. అక్కడా అంతే.

"ముందుగాల లారీ ఆపి మరీ అడుగుతుంటి. మా మాలిక్ తిడుతుండె. ఎవర్ని అడిగినా వాళ్ల తాతలదే. సరే, గిది దేశమంతా ఉన్న పాట, మా అబ్బా గూడ ఏడనో విన్నడు అనుకున్న. మల్ల అడుగుడు బంద్ జేసిన" అన్నాడు యూసుఫ్.

తన నాయన ఎక్కడున్నాడో చెప్పమని అడిగాడు. నేను కబ్రస్తాన్ అని చెప్పాల్సి వచ్చింది. నా నోటితో ఎన్నో చెడ్డ పాటలు వాయించాను గానీ, ఇంతకంటే చెడ్డ పని ఈ నోటితో చెయ్యలేదు.

అరుగు

మరుసటి వారం యూసుఫ్ సుల్తానాబాద్ వచ్చాడు. సమాధి దగ్గర ఒక్కడే కూర్చుంటానంటే గోడ బయట నిలబడ్డాను. తర్వాత, నాయనను చివరిదాకా చూసుకున్న మనిషిని చూసి పొమ్మని రాజయ్య మామ ఇంటికి తీసుకుపోయాను. మామ అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. అదే ఎర్ర రుమాలు, అవే పోగులు. యూసుఫ్ వాకిట్లోనే ఆగిపోయాడు.

మామ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "నిన్ను ఏడనో చూసిన బిడ్డా. ఆగు, యాదికొస్తంది. నిర్మల్ల గదా? పెండ్లిల సన్నాయి కాడికొచ్చి ఏదో అడిగినవ్. చిన్న పిలగానివి అప్పుడు, బట్టల నిండ లారీ నూనె. ఆకలిమీదున్నవని బువ్వ గూడ పెట్టిపిచ్చిన."

"అవు" అన్నాడు యూసుఫ్. "పాట ఎవలదని అడిగిన. మీ ఇంటి పాట అన్నరు."

మామకు ఇంకా తెలియలేదు. నవ్వుతూ, "అంటి, అంటి. ఇంతకు ఎవలి పిలగానివి బిడ్డా?" అన్నాడు.

నేను ఆపుదామనుకున్నాను. యూసుఫే ముందు చెప్పేశాడు.

"ఖాసిం సాబ్ కొడుకును."

మామ నవ్వు అలాగే కొంచెంసేపు మొహం మీద ఉండి, పోయింది. రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తను కూర్చున్న మంచం పట్టెను చేత్తో తడిమాడు.

"గా దినం మీ నాయిన గీ మంచం మీదనే ఉండె. జ్వరం. గీడనే ఉండె" అన్నాడు.

యూసుఫ్ చెప్పులు విప్పాడు. అరుగు ఎక్కి మంచం మీద ఆయన పక్కన కొంచెంసేపు కూర్చున్నాడు. తర్వాత లారీకి టైమయిందని లేచి పోయాడు. మళ్లీ రాలేదు. నేనూ పిలవలేదు, ఏ మొహంతో పిలవను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను నేర్పేది ముందు ఇది. పాట ఎత్తుకోండి, తప్పు లేదు, పాటలు అందరివీ. కానీ ఎవరి దగ్గర ఎత్తుకున్నారో వాళ్ల పేరు చెప్పండి. ఐర్లాండ్ దొర తన అవ్వ పేరు చెప్పాడు. ఉస్తాద్ ఆ దొర పేరు చెప్పాడు. నడుమ మేము తాతలను అడ్డం పెట్టుకున్నాం.

రాజయ్య మామ ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఉన్నన్నాళ్లూ ఆ అరుగు మీదనే కూర్చుని, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పేవాడు. కూరగాయల గంపలవాళ్లు, బడికి పోయే పంతుళ్లు, ఎవరైనా సరే. "దొరవ్వ పాట మా ఇంటిది కాదు, ఖాసిం సాబ్‌ది" అనేవాడు. జనం సరే తాతా అని పోయేవాళ్లు. అడగవలసినవాడు ఎప్పుడో అడిగి, బువ్వ తిని, లారీ ఎక్కి వెళ్లిపోయాడు.